తేదీ చిన్నాన్నది, చోటు నాన్నది

సెప్టెంబరు 12

మహారాజశ్రీ చిన్నాన్నగారి సముఖానికి,

రాళ్లకట్ట సంస్థానపు విదేశాంగ శాఖ నుంచి, ఆ శాఖలో ఉన్న ఏకైక ఉద్యోగి, నీ అన్న కొడుకు చేసుకునే విన్నపం. ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాళ్లు వానకన్నా ఒకరోజు ముందే వానను ప్రకటిస్తున్నాయి. నాన్న కళ్లద్దాల కొట్టు ఎప్పటిలాగే నడుస్తోంది. ఊళ్లో సగం ముక్కుల మీద మన సరుకే. నేను డిగ్రీ పట్టా పుచ్చుకుని కొట్టులో అద్దాలు తుడుస్తున్నాను. చదువు వృథా పోలేదులే, పట్టాకు చుట్టి ఇచ్చిన మెత్తటి గుడ్డ ఆ పనికి దివ్యంగా ఉంది.

ఇక అసలు సంగతి. చలి ముదిరేముందు ఏటేటా రెండు కుటుంబాలూ సముద్రం ఒడ్డుకు వెళ్లి రాళ్లకట్ట మీంచి గాలాలు వేసే మూడు రోజుల గురించి. శాసనం నీకు తెలిసిందే అయినా, శాఖాపరమైన మర్యాద కోసం మళ్లీ రాస్తున్నాను. పన్నెండేళ్ల కిందట నాన్న నీకోసం ఆగకుండా వారం ముందే వెళ్లి, ఆ ఏటికల్లా పెద్ద చేపను పట్టేసి, నువ్వు సెలవు పెట్టుకుని దిగేసరికి నీకు దాని ముల్లు చూపించాడు. ఆ గొడవకు నాయనమ్మ చెప్పిన తీర్పు: తేదీ నువ్వు పెట్టాలి, కట్ట మీద ఎవరెక్కడ కూర్చోవాలో నాన్న చెప్పాలి, ఒకరి శాఖలో ఒకరు వేలు పెట్టకూడదు, అన్నీ కాగితం మీదే జరగాలి. మీరిద్దరూ రాసుకుంటే కాగితం అంటుకుంటుందని, ఉత్తరాలు రాసే రాయసం నాకు అప్పజెప్పింది. ఆవిడ పోయినా తీర్పు పోలేదు.

కాబట్టి నీ శాఖలో వేలు పెట్టకుండా, చేతులు జోడించి అడుగుతున్నాను. ఈ ఒక్క ఏడాదికి తేదీని నవంబరు ఆఖరు నుంచి అక్టోబరు మొదటివారానికి జరపగలవా? మనం దిగే ఇంటికి ఆ ఇంటావిడ నవంబరులో సున్నం వేయిస్తోందట. తడి గోడల మధ్య పిన్ని దగ్గుతూ కూర్చోవడం నాకిష్టం లేదు.

పిన్నికి నమస్కారాలు చెప్పగలవు.

ఇట్లు,
రాయసగాడు

సెప్టెంబరు 20

ఒరేయ్ విదేశాంగ శాఖా,

నీ విన్నపం చేరింది. చదివి మీ పిన్ని నవ్వింది. నేను నవ్వలేదు.

నేను రేవులో క్రేను నడిపేవాణ్ణి. అరవై అడుగుల ఎత్తున గాజు గదిలో కూర్చుని, కింద గోనె సంచి మీద అచ్చువేసిన అక్షరాలు చదువుతాను. నా కళ్లలో దుమ్ము కొట్టాలంటే నీకింకా కొంచెం చదువు కావాలి. ఇంటావిడకు ఫోన్ చేశాను. సున్నం సంగతి ఆవిడకే తెలియదు. ఎవరో వేయిస్తే తన చేతి ఖర్చు తప్పుతుందని సంతోషపడింది కూడాను.

అబద్ధమైనా అతికినట్టుండాలిరా. ముందుకు జరిపితే ఎవరికి లాభమో నాకు తెలుసు. అప్పుడు చెప్పకుండా చేసిన పనే మీ నాన్న ఇప్పుడు కొడుకు చేత విన్నపాలు రాయించి చేయిస్తున్నాడు. నీళ్లు చల్లబడితేగాని పెద్ద చేపలు ఒడ్డుకు రావు, నాకు అప్పుడు తప్ప సెలవు అడగబుద్ధి కాదు. నవంబరు 24, 25, 26. తేదీ నాది.

వదినను మోకాళ్లకు వేడినీళ్ల కాపడం పెట్టుకోమను.

మీ చిన్నాన్న

సెప్టెంబరు 28

పూజ్యుడైన చిన్నాన్నకు,

సున్నం కేసులో నేరం ఒప్పుకుంటున్నాను. శిక్షగా ఈసారి ఎర కోసం వానపాములన్నీ నేనే తవ్వుతాను.

అసలు కారణం చెప్పడానికి సిగ్గుపడ్డాను. నాకు ఉద్యోగం వచ్చింది. అద్దాలు తుడిచే వంశంలో పుట్టి, ఒక కంపెనీలో కాగితాలు తుడిచే స్థాయికి ఎదిగాను. నవంబరులో చేరాలి, చేరిన నెలలో సెలవంటే వాళ్లే నాకు శాశ్వత సెలవు ఇచ్చేస్తారు. నేను లేకపోతే కట్ట మీద మీ అన్నదమ్ముల మధ్య గోడలా కూర్చునేది ఎవరు? అక్టోబరు 3, 4, 5 అయితే అందరికీ వీలు. నీ సెలవు ఒక్కటి కొంచెం కదిలించాలి.

నిన్న కొట్టుకు ఒక పెద్దాయన వచ్చి, భార్య మొహం స్పష్టంగా కనపడుతోంది, పాత అద్దాలే ఇచ్చేయమన్నాడు. నాన్న చాలాసేపు నవ్వాడు. ఈ మధ్య ఆయన నవ్వడం తక్కువైంది, అందుకని రాస్తున్నాను.

ఒక్క ఏడాదికే చిన్నాన్నా.

ఇట్లు,
కాబోయే గుమాస్తా

అక్టోబరు 5

గుమాస్తాగారికి,

ఉద్యోగం వచ్చినందుకు అభినందించాలని మీ పిన్ని మీ అమ్మకు ఫోన్ చేసింది. చేరడం జనవరిలో అని వదిన చెప్పింది. నెల కూడా సరిగా అబద్ధమాడలేనివాడివి ఆ కంపెనీలో ఎలా నెగ్గుకొస్తావో.

నువ్వు పెట్టిన మూడు, నాలుగు, ఐదు తేదీల్లో ఇవాళ ఆఖరిది. నేను క్రేను మీదే గడిపాను. ఇది రెండో అబద్ధం. చిన్నవాడివి, నిన్నేమీ అనను. నీ వెనకున్నాయనకు ఒక మాట చెప్పు. కావాలంటే తనే అడగమను. "తమ్ముడూ, తేదీ మార్చరా" అని ఒక్క ముక్క తన చేత్తో రాయమను. అది అందిన రోజున సెలవు మార్చుకుని నీళ్లు వేడిగా ఉన్నా వస్తాను. పన్నెండేళ్లలో నాకు ఆ చేతిరాత రాలేదు. రాయడు. నాకు తెలుసు.

చిన్నాన్న

అక్టోబరు 12

చిన్నాన్నా,

ఈ ఉత్తరంలో సంస్థానాలూ శాఖలూ లేవు. ఒట్టు తప్పి రాస్తున్నాను.

నాన్నకు చూపు పోతోంది. కళ్లద్దాల కొట్టువాడికి చూపు పోవడమేమిటి అంటావు. నేను కల్పించదలుచుకుంటే ఇంతకన్నా నమ్మేలా కల్పించేవాణ్ణి. ఎడమ కన్ను రెండేళ్ల కిందటే పోయిందట, మాకెవరికీ చెప్పలేదు. ఆగస్టులో కుడి కన్ను మొదలైంది. చూపుకు నట్టనడుమ మచ్చ. పక్కనున్నవి కనపడతాయి, చూడాలనుకున్నది కనపడదు. నా మొహం చూస్తే నా చెవులు కనపడతాయట. అవి చూడదగ్గవి కావని నేనే ఒప్పుకుంటాను. కంట్లో సూదులు వేశారు, మందు పట్టలేదు. ఇప్పటికి కొద్దిగా మిగిలింది, నవంబరు ఆఖరుదాకా నిలవడం కష్టమని డాక్టరు అన్నాడు.

అమ్మకు అనుమానం వచ్చి, కొట్టు గోడ మీదున్న అక్షరాల పట్టీ చదవమంది. ముప్పై ఏళ్లు ఆ పట్టీ పక్కన పుల్ల పట్టుకుని నిలబడ్డ మనిషి. కింది వరుసదాకా గడగడా అప్పజెప్పాడు. అమ్మ నిశ్చింతగా ఇంటికి వెళ్లి వంట చేసుకుంది. ఆవిడకు ఇప్పటికీ తెలియదు. పిన్ని ఫోన్లో అడిగినా ఏమీ లేదనే అంటుంది.

ఆయన కోరేది ఒక్కటే. ఇంకొక్కసారి కట్ట మీద కూర్చుని, నువ్వు పక్కనుండగా, గాలానికి కట్టిన బెండు మునగడం కళ్లతో చూడాలి. నీకు చెప్పొద్దన్నాడు. తెలిస్తే నువ్వు జాలితో వస్తావట, జాలితో వచ్చినవాడితో పోటీ ఏముంటుందట.

ఒక్క ముక్క తన చేత్తో రాయమన్నావు కదా, అది ఆయనకు చదివి వినిపించాను. కాగితం అడిగాడు. రాశాడు. రాసిన గీత మీదే మళ్లీ రాశాడు, మూడు మాటలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఎలా వచ్చిందని అడిగాడు. నేను వెంటనే జవాబు చెప్పలేదు. చింపేశాడు.

ఈ నెలలో ఏ రోజైనా సరే. రా.

నీ అన్న కొడుకు

అక్టోబరు 19

ఒరేయ్,

సున్నం అయిపోయింది, ఉద్యోగం అయిపోయింది, ఇప్పుడు కళ్లా? ఇల్లు, మనిషి, ఒళ్లు, వరసగా బాగానే ఎక్కుతున్నావు మెట్లు. అక్షరాల పట్టీ అప్పజెప్పడం, రాసిన గీత మీదే మళ్లీ రాయడం చాలా బాగున్నాయి. మీ పిన్ని నిజంగానే కంటతడి పెట్టబోయింది, నేను ఆపాను. రాయమంటే రాయనివాడికి చూపు లేదని చెప్పడం కన్నా సులువైన సాకు లోకంలో ఏముంది?

సరే, నీ మాటే నమ్ముతాననుకో. అయితే ఇది మీ నాన్నకు చదివి వినిపించు. ఆయనకు చూపు పోయింది ఆగస్టులో కాదు, పన్నెండేళ్ల కిందట. బస్సు దిగి సంచీ భుజాన వేసుకుని నవ్వుతూ వచ్చిన తమ్ముడు ఆయనకు కనపడలేదు, చేతిలో ముల్లొకటే కనపడింది. అలాంటి కళ్లు ఉన్నా ఒకటే, పోయినా ఒకటే.

నవంబరు 24న ఉదయం అక్కడుంటాను. ఇష్టముంటే రండి.

అక్టోబరు 27

చిన్నాన్నకు,

24న వస్తున్నాం. నేను, నాన్న, అమ్మ.

నీ ఉత్తరం కొట్టుకు వచ్చింది. ఆ పూట నేను లేను. ఉంటే ఎప్పటిలాగే ముళ్లు తీసి వినిపించేవాణ్ణి. నీ ఉత్తరాలన్నీ అలాగే వినిపిస్తున్నాను, అందుకే ఆయన దృష్టిలో నువ్వు ఈ మధ్య చాలా మంచివాడివయ్యావు. దగ్గరి చూపు అద్దాలు అమ్మేటప్పుడు నాన్న ఏం చేస్తాడో నీకు తెలుసు కదా, చేతికి దొరికిన కాగితం ఇచ్చి చదవమంటాడు. ఆ పూట వచ్చింది రిటైరైన పంతులమ్మగారు. కవరు మీద రేవు ముద్ర ఉందా అని ఆవిడనే అడిగి, ఉందంటే, విప్పి చదవమని నీ ఉత్తరం ఇచ్చాడు. అద్దాల పరీక్షా అవుతుంది, తమ్ముడి కబురూ తెలుస్తుంది అనుకున్నాడు. ఆవిడ నలభై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పిన గొంతుతో, కామా కూడా వదలకుండా, చివరిదాకా చదివింది. నీ చేతిరాత గుండ్రంగా ఉందని మెచ్చుకుంది కూడా.

నాన్న ఆవిడతో, "అద్దాలు బాగా కుదిరాయండీ" అన్నాడు.

నేను వచ్చాక, నీకెందుకు చెప్పానని ఒక్క మాట అడగలేదు. తేదీ వాడిది, వాడు పెట్టిన రోజునే వెళ్దాం అన్నాడు. చోట్లు కూడా చెప్పాడు. ఆయన తన పాత బండమీదే, నువ్వు ఆయనకు ఎడమ పక్క, నేను కుడి పక్క.

ఇట్లు,
రాయసగాడు

నవంబరు 5

పంతులమ్మ కథ అన్నిటికన్నా బాగుంది. ఉద్యోగం మానేసి కథలు రాసుకో.

పెద్ద గాలాలు నేను తెస్తాను. ఎర అక్కడే కొందాం, నువ్వు తవ్వనక్కర్లేదు. వదినకు దుప్పట్లు ఎక్కువ తెమ్మను, గాలి ఎక్కువగా ఉంటుంది. మీ పిన్ని కూడా వస్తుంది.

చిన్నాన్న

నవంబరు 28

ఒరేయ్ అబద్ధాలకోరు,

ఇంటికి చేరి రెండు రోజులైంది. ఒళ్లు మండుతూనే ఉంది, అందుకే రాస్తున్నాను.

చూపు పోయిందన్నావు. మీ నాన్న ఆ రాళ్లమీద మేకలా నడిచాడు. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. నా కళ్లముందే గాలానికి దారం ముడివేశాడు, నాకన్నా చప్పున వేశాడు. మొదటి పూటే నాకు అర్థమైంది, ఇదంతా తండ్రీ కొడుకుల నాటకమని. అయినా నోరు మూసుకుని కూర్చున్నాను. నేనే మాట కలిపాను. రేవు గురించి, కొత్త మేనేజరు గురించి చెప్పాను. ఊ కొట్టాడు. నా వైపు చూడనైనా చూడలేదు. మాట్లాడినంతసేపూ నా భుజం పక్కకే చూశాడు, అక్కడ నాకన్నా మంచి మనిషెవరో నిలబడ్డట్టు.

అదీ భరించాను. రెండో రోజు పొద్దున జరిగింది మాత్రం భరించలేను. అప్పటికి నాకొక్క చేపా పడలేదు, ఆయనకూ పడలేదు. నువ్వు లేవు. ఆయన బెండు నిలువునా మునిగింది. నా కళ్లారా చూశాను. పెద్దది. దారం పరుగెత్తుతోంది. మీ నాన్న చేతులు ఒళ్లో పెట్టుకుని సముద్రాన్ని చూస్తూ కూర్చున్నాడు. కర్ర బండ మీంచి జారిపోబోతే అప్పుడు పట్టుకున్నాడు, అప్పటికే తెంపుకుని పోయింది. ఎందుకు లాగలేదని అడిగితే ఏమన్నాడో తెలుసా? "పోనీలేరా, నీకు పడుతుందిలే" అన్నాడు.

నాకు పడుతుందట. నాకు చేపలేదని తన చేప వదిలేశాడు. యాభై ఆరేళ్లవాడికి భిక్ష వేశాడు. ఒకప్పుడు ముల్లు చూపించాడు, ఇప్పుడు దయ చూపించాడు. ముల్లే నయం.

అందుకే మధ్యాహ్నం బస్సుకు వచ్చేశాం. మీ పిన్ని పొయ్యి మీది అన్నం కూడా తినలేదు. వచ్చే ఏడు నుంచి తేదీ కూడా ఆయన్నే పెట్టుకోమను. నేను రాను.

డిసెంబరు 4

చిన్నాన్నా,

డాక్టరు రాసిచ్చిన కాగితం దీంతో పాటు పంపుతున్నాను. కింద ఆసుపత్రి ముద్ర ఉంది, ఫోన్ నంబరు ఉంది. సున్నం గురించి విచారించినట్టే దీని గురించీ విచారించుకో.

పంతులమ్మ ఉత్తరం చదివిన మర్నాటి నుంచి నాన్న సాధన మొదలుపెట్టాడు. కొట్టు మూసి, షట్టరు దించుకుని, కళ్లకు గుడ్డ కట్టుకుని గాలాలకు దారం ముడులు వేశాడు. రోజుకు నలభై. వేళ్లనిండా గాట్లు. నీకు కనపడకుండా అక్కడ ముడి వేయగానే చేతులు ఒళ్లో ముడుచుకునేవాడు. ఆ రాళ్లమీద ముప్పై ఏళ్లు నడిచాడు, మనం దిగే ఇంటి నుంచి బండదాకా నూటపన్నెండు అడుగులని లెక్క ఉంది ఆయన దగ్గర. పైగా పక్క చూపు ఉంది కాబట్టి కాళ్లు తడబడవు. నువ్వు జాలి పడకూడదని ఇదంతా. ఎంత బాగా నేర్చుకున్నాడంటే, నువ్వు పడలేదు.

నీ భుజం పక్కకు చూశాడన్నావు. భుజం పక్కకు చూస్తేనే ఆయనకు నువ్వు కనపడతావు. సూటిగా చూస్తే నీ చోట మచ్చ ఉంటుంది. రెండు రోజులూ ఆయన నిన్నే చూశాడు.

బెండు మునిగితే నేను దగ్గాలని మా ఒప్పందం. మొదటి రోజంతా పక్కనే కూర్చుని నీళ్లవంక చూస్తూనే ఉన్నాను. రెండో రోజు పొద్దున పిన్ని ఫ్లాస్కులో టీ తీసుకెళ్లమని కేకేసింది. పది నిమిషాలే కదా అని వెళ్లాను. జీవితంలో నేను చేసిన ఒక్క సీరియస్ ఉద్యోగం దగ్గడం, అందులోనూ డ్యూటీలో లేను. "నీకు పడుతుందిలే" అన్నది భిక్ష కాదు. ఏం జరిగిందో తెలియక, నువ్వు ఎందుకు అరుస్తున్నావో తెలియక, నోటికొచ్చింది అన్నాడు.

కొట్టు బోర్డు మొన్న దించేశాం. అమ్మకు చెప్పేశాం. అక్షరాల పట్టీని అమ్మే గోడ మీంచి పీకి చించింది.

నేను రాస్తున్నది మందలించడానికి కాదు. నాన్న ఒకటి అడగమన్నాడు. ఆ రోజు ఆయన బెండు మునిగింది, ఆయన చూడలేదు, నేను చూడలేదు. కళ్లారా చూసింది నువ్వొక్కడివే. అది ఎలా మునిగిందో రాయమంటున్నాడు. ముందు రెండుసార్లు తడబడిందా, ఒక్కసారే పోయిందా, పక్కకు జారి మునిగిందా, నీళ్లు ఎలా కదిలాయి. ఎంత వివరంగా రాయగలిగితే అంత. అంత దూరం నుంచి గోనె సంచి మీద అక్షరాలు చదివే కళ్లు కదా నీవి.

నీ అన్న కొడుకు

డిసెంబరు 15

ఒరేయ్ నాన్నా,

ఆసుపత్రికి ఫోన్ చేయలేదు. అక్కర్లేదు.

ఈ ఉత్తరం మొదలుపెట్టి ఆరు రోజులైంది. మొదట ఒకటి రాశాను, బెండు రెండుసార్లు తల ఊపింది, తర్వాత నిలువునా దిగింది, చుట్టూ నీళ్లు పళ్లెంలా తిరిగాయి అని. రెండు పేజీలు వచ్చింది. చదువుకుంటే బాగానే ఉంది. నీ దగ్గర నేర్చుకున్నట్టున్నాను. చింపేశాను.

నేను చూడలేదు. కళ్లారా చూశానని కోపంలో రాశాను. చిన్నప్పట్నుంచీ నేను బెండు వంక చూసేవాణ్ణి కాదు. అన్నయ్య పక్కన కూర్చుని ఆయన మొహం చూసేవాణ్ణి. చేప ముట్టగానే కనుబొమ పైకి లేచేది, అది చూసి నేను నీళ్లవంక తిరిగేవాణ్ణి. ఆ రెండు రోజులూ అదే చేశాను. కనుబొమ లేవలేదు. దారం బర్రుమన్నాక తిరిగి చూస్తే బెండు లేదు. కావాలనే మొహం కదలకుండా బిగబట్టుకున్నాడు అనుకున్నాను. కాబట్టి అది ఎలా మునిగిందో ఎవరికీ తెలియదు.

ఇది ముళ్లు తీయకుండా, రాసింది రాసినట్టు చదివి వినిపించు. వచ్చే ఏడు ఎప్పుడంటే అప్పుడు వస్తానని చెప్పు. తేదీ అన్నయ్యదే. లేదా ఇప్పుడే రమ్మంటే ఇప్పుడే వస్తాను.

మీ చిన్నాన్న

డిసెంబరు 22

చిన్నాన్నకు,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం చదివి వినిపించాను. ఏమీ తీయలేదు, ఏమీ కలపలేదు. అమ్మ కూడా ఉంది.

తేదీ నాన్న పెట్టలేదు. రమ్మనలేదు, వద్దనలేదు. కనుబొమ దగ్గర ఒకసారి ఆపించి, ఆ ముక్క మళ్లీ చదవమన్నాడు. చదివాను. అది విని ఒక్కటే అడిగాడు. అడిగింది నన్ను కాదు కాబట్టి నీకు రాస్తున్నాను.

"రెండు రోజులు నా మొహమే చూస్తూ కూర్చున్నాడు కదా, మరి నాకు కనపడట్లేదని వాడికెందుకు తెలియలేదు?"

నీ అన్న కొడుకు